శుక్రవారం మొదటి కేసు

మా ఆస్పత్రికి మత్తు డాక్టరు గారు రైల్లో వచ్చి రైల్లో వెళ్లిపోయేవారు. ఇప్పటి పిల్లలకి ఇది వింతగా ఉంటుంది కాబట్టి ముందు అదే చెప్పాలి. ఆ రోజుల్లో మా తెనాలిలోనూ, ఇటు బాపట్లలోనూ, అటు రేపల్లెలోనూ చిన్న చిన్న నర్సింగ్ హోములు చాలా ఉండేవి. కోసే డాక్టర్లు ఊరికి నలుగురు దొరికేవారు. మత్తిచ్చే డాక్టరు మూడూళ్లకీ కలిపి ఒక్కరే. ఆయన ఇల్లు బాపట్ల. వారంలో మూడు రోజులు అక్కడే పని. శుక్రవారం పొద్దున్నే మా దగ్గరికి వచ్చి, మధ్యాహ్నం మూడు గంటల ప్యాసింజరులో రేపల్లె వెళ్లేవారు. సాయంత్రం అక్కడ రెండు మూడు కాన్పు ఆపరేషన్లు ఆయన కోసం కాచుకుని ఉండేవి. చేతిలో ఒక రెక్సిన్ సంచి. అందులో మందులు, గొట్టాలు, రైల్లో చదువుకోవడానికి ఒక పుస్తకం. నేనూ చదువుతానని తెలిశాక చదివేసిన పుస్తకాలు నా టేబుల్ మీద పెట్టి వెళ్లేవారు.

ఆయన పోయి సంవత్సరమైంది. నర్సింగు చదివే పిల్లల కోసం నా అనుభవం ఒకటి రాయమని అడిగితే ఆయన గురించే రాయాలనిపించింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు దేవుడని రాయడం మనకి అలవాటు. ఆయన దేవుడు కారు. చాలాకాలం ఒక పొరపాటు చేశారు. అది ఆయనకి తెలియజెప్పడానికి నేను ఒక తప్పు చేశాను. మీకు పనికొచ్చేది అదేననుకుంటాను.

నేను ఎనభైల మొదట్లో ఆ ఆస్పత్రిలో చేరాను. తర్వాత కొన్నేళ్లకి వార్డు ఇన్‌చార్జినయ్యాను. అప్పట్లో పెద్ద ఆపరేషన్లకి నొప్పి తెలియకుండా పెథిడిన్ ఇచ్చేవారు. ఆ మందుతో పేషెంటు మత్తులోంచి నింపాదిగా తేలేవాడు. పేరడిగితే మూలిగేవాడు, ఊరడిగితే పెళ్లాం పేరు చెప్పేవాడు. థియేటరులో వాళ్లకి అది విసుగు. వార్డులో మాకు మాత్రం హాయి. ఆ మగత కింద నొప్పి కూడా కాసేపు అణిగి ఉండేది. పేషెంటు సాయంత్రం దాకా కునుకు తీస్తూ, మధ్యమధ్య మంచినీళ్లు అడుగుతూ ఉండేవాడు.

తొంభైల మధ్యలో ఫెంటానిల్ వచ్చింది. అదీ ఆ జాతి మందే. చాలా ఘాటైనది, కాని ఎక్కువసేపు ఉండదు. కోత కోస్తున్నంతసేపూ కాపాడి, కుట్లు పడేవేళకి దిగిపోతుంది. సర్జన్ గారు చేతులు కడుక్కుని కాఫీ గ్లాసు అందుకునేలోపే పేషెంటు కళ్లు తెరిచేవాడు. మత్తు డాక్టరు గారు చెవి దగ్గరికి వంగి, "ఏం పేరండి?" అనేవారు. పేరు చెప్పేవాడు. "ఏ ఊరండి?" ఊరు చెప్పేవాడు. ఆయన మొహం విప్పారేది. సంచి సర్దుకునేవారు. మా ఆయా వరండాలోకి వచ్చి, "పేరూ ఊరూ అయినయ్, రిక్షా పిలవండి" అని గేటు వైపు కేకేసేది.

పేరూ ఊరూ చెప్పిన పేషెంటుని స్ట్రెచర్ మీద మా వార్డుకి తెచ్చేవారు. చుట్టాలు చుట్టూ చేరి, "అప్పుడే మాట్లాడుతున్నాడే" అని ఆశ్చర్యపోయేవారు. గంట గడిచేసరికి వాళ్లే నా టేబుల్ దగ్గరికి పరిగెత్తుకొచ్చేవారు.

ఆ గంట ఎప్పుడు వచ్చేదో చెప్తేగాని మీకు అసలు సంగతి అర్థం కాదు. శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా. చిన్న ఆపరేషన్లకి ఎవరూ పట్టించుకునేవారు కాదు. పెద్ద ఆపరేషన్ అంటే మాత్రం ఇంటిల్లిపాదీ పంచాంగం పట్టుకుని వచ్చేవారు. "రాహుకాలం వెళ్లాక చేయండి బాబూ." సర్జన్ గారు వాదించేవారు కాదు. "పన్నెండింటికే కోద్దాం, నాదేం పోయింది?" అనేవారు. అందుకని చిన్న కేసులన్నీ పొద్దున్నే, పెద్ద కేసు పన్నెండు దాటాక. అది అయ్యేసరికి రెండు. రెండుంబావుకి మత్తు డాక్టరు గారు రిక్షా ఎక్కేవారు. సర్జన్ గారు భోజనానికి ఇంటికి వెళ్లి, పడుకుని లేచి, అయిదింటికి వచ్చేవారు. మందు పూర్తిగా దిగి నొప్పి మొదలయ్యేది మూడింటికి. అంటే ఒక డాక్టరు రైల్లో, ఒక డాక్టరు నిద్రలో ఉన్నప్పుడు. ఆ రెండు గంటలూ నేనూ ఆయా చూసేవాళ్లం. ఏళ్ల తరబడి ఆ కేకలు వాళ్లిద్దరిలో ఎవరి చెవినా పడలేదు. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు. పంచాంగం, రైలు టైము, భోజనం వేళ కలిసి చేసిన ఏర్పాటు అది.

మా దగ్గర ఉన్నది పెంటజోసిన్ ఇంజక్షను. ఇస్తే కొందరికి కాస్త తగ్గేది. కొందరికి నొప్పి తగ్గకపోగా ఫ్యాను దిగి మీదికి వస్తున్నట్టూ, గోడ మీద ఎవరో నడుస్తున్నట్టూ ఉండేది. సర్జన్ గారితో చెప్పాను.

"కోసిన చోట నెప్పి పుట్టదా సిస్టర్?" అన్నారు. "రేపటికి తగ్గుద్ది."

నిజమే, మర్నాటికి తగ్గేది. చాలామందికి.

పిట్టలవానిపాలెం నుంచి వచ్చిన ఒక పెద్దావిడకి తగ్గలేదు. పిత్తాశయంలో రాళ్లు. అప్పట్లో దానికి కుడి పక్కటెముకల కింద జానెడు కోత. ఊపిరి పీల్చినప్పుడల్లా ఆ కోత లాగుతుంది. లాగుతుందని మనిషి పైపైనే పీలుస్తాడు. దగ్గడు. దగ్గకపోతే కఫం ఊపిరితిత్తుల అడుగున చేరిపోతుంది. నేను ఆవిడ వీపు నిమురుతూ, "దగ్గండి అత్తయ్యగారూ, ఒక్కసారి" అని బతిమాలాను. "దగ్గితే పేగులు బయటికొస్తయ్ తల్లీ" అని నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత నొప్పిలోనూ నా మీద కోప్పడలేదు. మూడో రోజు జ్వరం వచ్చింది. ఆరో రోజు పోయింది. నెమ్ము చేరిందని కాగితం మీద రాశారు. అందులో అబద్ధం లేదు. నెమ్ము ఎందుకు చేరిందో రాయడానికి ఆ కాగితంలో చోటు లేదు.

తర్వాతి శుక్రవారం మత్తు డాక్టరు గారితో చెప్పాను. ఆయన నిలబడిపోయారు.

"పేరు చెప్పింది కదమ్మా ఆవిడ. మనవరాలి పేరు కూడా చెప్పింది నాతో."

"చెప్పిందండి. మీరెళ్లాక ఇంక ఎవరితోనూ మాట్లాడలేదు."

"ఇంజక్షన్ ఇచ్చారా?"

"ఇచ్చానండి."

"ముసలావిడ. గుండె కూడా అంతంతమాత్రం." ఆయన సంచి అందుకున్నారు. "ఒక్కోసారి అట్లా జరుగుద్ది సిస్టర్."

ఆయన నమ్మలేదని కాదు. వినలేదంతే. చెవితో వినడం వేరు, చెప్తే వినడం వేరు. పేరూ ఊరూ చెప్పినవాళ్లనే ఆయన చూశారు. ఆయన లోకంలో పేషెంట్లందరూ అక్కడితో ఆగిపోయారు. ఆ రోజు టేబుల్ మీద పుస్తకం పెట్టి వెళ్లారు. నేను తెరవలేదు.

నాలుగైదు నెలలకి దుగ్గిరాల నుంచి ఒకతను వచ్చాడు. పసుపు యార్డులో కాటా వేసే మనిషి. యాభై ఏళ్లుంటాయి. ఎన్నిసార్లు స్పిరిటుతో తుడిచినా గోళ్ల పసుపు పోలేదు. ఇతనికీ పిత్తాశయంలో రాళ్లే, అదే కోత. పైగా ముప్పై ఏళ్లుగా చుట్ట తాగుతున్నాడు. పదిహేను రోజుల ముందు మానెయ్యమని సర్జన్ గారు చెప్పారు.

"మానేశానండి" అన్నాడు అతను.

"ఇంట్లో మానేశాడు" అంది భార్య.

అతని ఛాతీ మీద చెవి ఆన్చక్కర్లేదు, పక్కన నిలబడితేనే గురగుర వినిపించేది. ఈ మనిషి ఆపరేషన్ అయ్యాక దగ్గకపోతే బతకడు. అది నాకు ఆ గురువారం సాయంత్రమే తెలుసు. ఆ వార్డులో అది నాకు ఒక్కదానికే తెలుసనిపించింది. అంతకంటే భయం ఇంకేం ఉంటుంది?

మర్నాటి ఆపరేషన్ల లిస్టు రాసేది నేనే. కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటే ఇంత చిన్న విషయం ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదా అనిపించింది. ఇతని ఆపరేషన్ మొదట పెడితే, మత్తు డాక్టరు గారు మూడో కేసులో ఉండగా ఇతనికి మందు దిగుతుంది. థియేటరుకీ మగవాళ్ల వార్డుకీ మధ్య ఒక్క వరండాయే అడ్డం.

భార్య ఒప్పుకోలేదు. "రాహుకాలం వెళ్లాకేనండి. మా వదిన పన్నెండుకే చేయించుకుంది ఇక్కడ."

మా నాన్నగారు బడిపంతులు. ఊళ్లోవాళ్లకి పంచాంగం కూడా చూసిపెట్టేవారు. అప్పటికి ఆయన పోయి ఏడాది కాలేదు. ఆయన పంచాంగం చూసేవారని వార్డులో తెలుసు కనుక నాకు లేని పాండిత్యం కూడా నాకు అంటగట్టేవారు. ఆ రోజు దాన్ని వాడుకున్నాను.

"అక్కయ్యా, రేపు పన్నెండు దాటాక వర్జ్యం ఉంది. పొద్దున ఎనిమిదైతే రాహుకాలమూ ఉండదు, వర్జ్యమూ ఉండదు" అన్నాను. వర్జ్యం అంటే ఏ మంచిపనీ తలపెట్టకూడని వేళ, రోజుకో టైములో వస్తుంది. రాహుకాలమైతే అందరికీ నోటికొచ్చు. వర్జ్యానికి పంచాంగం తెరవాలి. నేను తెరవలేదు.

"మీ నాన్నగారి పుస్తకంలో చూశారా?"

"చూశాను."

"అయితే ఎనిమిదే పెట్టించండి తల్లీ" అంది.

శుక్రవారం ఎనిమిదింటికి మొదలుపెట్టారు. తొమ్మిదింబావు దాటాక కుట్లు పడ్డాయి. "ఏం పేరండి?" పేరు చెప్పాడు. "ఏ ఊరండి?" "దుగ్గిరాల. చుట్టుందాండి?" థియేటరంతా నవ్వు. నవ్వులోనే వార్డుకి తెచ్చారు.

పదింబావుకి మొహం మారింది. పదిన్నరకి మొదటి కేక వచ్చింది. భార్య గోడ గడియారం చూసి నెత్తి కొట్టుకుంది. "రాహుకాలం వచ్చేసింది, చూశారా! లోపలున్నవాణ్ణి కూడా వదల్లేదు."

ఇక్కడ నేను చేసిన తప్పు రాయాలి. పెంటజోసిన్ ఇంజక్షను నా టేబుల్ సొరుగులో ఉంది. ఏ శుక్రవారమైనా మొదటి కేకకే ఇచ్చేదాన్ని. ఆ రోజు ఇవ్వలేదు. సొరుగు మీద చెయ్యి పెట్టి నిలబడ్డాను. ఇస్తే అతను కాస్త అణుగుతాడు. అణిగితే ఆయన వినరు. ఇరవై నిమిషాలు ఆ మనిషి నొప్పిని నేను సాక్ష్యానికి పిలిచాను. ఆయా నా వంక, సొరుగు వంక చూసి ఏమీ అనకుండా బయటికి వెళ్లిపోయింది. ఆవిడ నాతో ఏమన్నా అని ఉంటే బాగుండేది.

థియేటరు తలుపు తోశాను. మూడో కేసు హెర్నియా. నడుముకి ఇంజక్షనిచ్చి చేస్తారు కాబట్టి పేషెంటు మెలకువగానే ఉన్నాడు. ఎవరి మాటకంటే ముందు అతని మాటే వినిపించింది.

"నాక్కూడా అట్లాగే ఉంటదా సార్?"

"నువ్వు పడుకోవయ్యా" అన్నారు సర్జన్ గారు. "ఎవరివమ్మా ఆ అరుపులు? యాక్సిడెంటు కేసు వచ్చిందా?"

"లేదండి. మొదటి కేసండి."

మత్తు డాక్టరు గారు తల ఎత్తారు. "ఎవరు? చుట్ట అడిగినాయనా?"

"ఆయనేనండి. మీ పేషెంటేనండి."

వరండా అవతల నుంచి ఇంకో కేక వచ్చింది. ఈసారి ఆయన విన్నారు. మూడో కేసు ముగిసేదాకా కదలడానికి లేదు. పేషెంటు తల దగ్గర స్టూలు మీద కూర్చుని ఆయన ఆ కేకలన్నీ విన్నారు. నేను తలుపు మూయలేదు.

కేసు అవగానే ముక్కు కింద మాస్కు వేలాడుతుండగానే వార్డుకి వచ్చారు. అతను పక్కకి ముడుచుకుని, పెదాలు బిగించి, కుక్కపిల్లలా చిన్న చిన్న ఊపిర్లు తీస్తున్నాడు. కఫం గొంతులో కొట్టుకుంటోంది.

"ఒక్కసారి దగ్గండి" అన్నారు ఆయన.

"దగ్గను. చంపినా దగ్గనండి."

భార్య మంచం అవతల నిలబడి ఉంది. "ఇందాక పేరడిగారంట కదా బాబూ. ఇప్పుడడగండి, చెప్తాడేమో."

ఆయన అడగలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుండిపోయారు. కాసేపటికి నన్ను వరండాలోకి పిలిచారు. తిడతారనుకున్నాను.

"ప్రతి వారం ఇంతేనా?"

"ఇంతేనండి. మీరు రైలెక్కే వేళకి."

ఆయన అద్దాలు తీసి తుడుచుకున్నారు. అప్పుడు చెప్పారు. పన్నెండేళ్ల కిందట బాపట్లలో ఒక చోట పెద్ద ఆపరేషన్‌కి ఆయన మార్ఫిన్ ఇచ్చారట. నాలుగైదు గంటలు నిలబడి పనిచేసే మందు. పేషెంటుని సుఖంగా నిద్రపుచ్చి ఇంకో ఊరి కేసుకి రైలెక్కారు. వార్డులో అందరూ హాయిగా పడుకున్నాడనుకున్నారు. ఎవరో బంధువు కాలు తగిలి లేపబోతే లేవలేదు. అప్పటికి ఊపిరి నిమిషానికి ఆరు. అక్కడి డాక్టరు సాయంత్రం దాకా చేత్తో బెలూన్ నొక్కి గాలి పోసి బతికించారు. మర్నాడు వెళితే ఈయనకి తెలిసింది.

"ఎక్కువసేపు నొప్పి ఆపే మందు ఊపిరిని కూడా ఎక్కువసేపు పట్టుకుంటుంది సిస్టర్. నేను పోయాక ఆ ఊపిరి ఎవరు చూస్తారు? అందుకే ఈ పొట్టి మందు రాగానే పట్టుకున్నాను. నేను రైలెక్కేలోపు మందు దిగిపోవాలి, అంతే ఆలోచించాను. దిగాక ఏమవుతుందో..." ఆగిపోయారు.

అప్పటిదాకా అది ఆయన గొప్పకోసం వాడే మందనుకున్నాను. పేషెంటు టక్కున లేచి పేరు చెప్పడం ఒక గారడీ అనుకున్నాను. నిజానికి అది భయం. నాకు నెమ్ము భయం. ఆయనకి పేషెంటు ఊపిరి ఆగుతుందని భయం. నాలుగైదు నెలలుగా ఒకే పేషెంట్ల గురించి ఇద్దరం రెండు భయాలు పెట్టుకుని, ఒకరికొకరు చెప్పుకోలేదు.

"నేను చూస్తానండి" అన్నాను.

"ఏంటి చూసేది?"

"ఊపిరి. పావుగంటకోసారి లెక్కపెడతాను. నిమిషం పూర్తిగా. మీరు ఆ పొడుగు మందే ఇవ్వండి."

ఆయన నా మొహంలోకి చూశారు. "పెంటజోసిన్ ఇచ్చారా ఇతనికి?"

"లేదండి."

"ఎందుకని?"

"మీరు వినాలని."

ఆయన అద్దాలు మళ్లీ పెట్టుకున్నారు. తర్వాత, "ఇవ్వకపోవడమే నయమైంది. అది ముందు పడితే మార్ఫిన్ పని సగం చెడగొడుతుంది" అన్నారు. ఆ మాటతో నా తప్పు ఒప్పు అయిపోలేదు. ఇవ్వకపోవడం మంచిదని తెలిసి ఇవ్వకపోతే అది వేరు. నాకు తెలియదు. కలిసొచ్చిన తప్పు కూడా తప్పే. మీ చేతిలో మందుండగా పేషెంటు ఎవరికో పాఠం కాకూడదు.

మార్ఫిన్ సర్జన్ గారి లైసెన్సు మీద తాళం వేసిన అలమరలో ఉండేది. దాన్ని కదిపి ఏడాదైంది. తాళం తీయించారు. మందుని సెలైన్‌లో కలిపి, నరంలోకి కొద్దికొద్దిగా ఎక్కించి, ఆగి, అతని మొహం చూసి, మళ్లీ కొద్దిగా ఎక్కించారు. నేను ఛాతీ చూస్తూ లెక్కపెడుతున్నాను. ముప్పై నాలుగు. ముప్పై. ఇరవై ఆరు. బిగిసిన గుప్పిలి విడింది. ఇరవై రెండు. ఊపిరి పొడుగైంది, పొట్ట కూడా కదలడం మొదలైంది. నుదుటి మీద చెమట ఆరింది. పద్దెనిమిది.

ఆయన తలగడ తీసి కోత మీద పెట్టి, అతని రెండు చేతులూ దాని మీద వేయించారు. "గట్టిగా పట్టుకుని ఒక్కసారి దగ్గండి."

అతను అనుమానంగా చూశాడు. ముందు చిన్నగా దగ్గాడు. ఏమీ ఊడిపోలేదు. తలగడ వంక ఒకసారి చూసుకుని ఈసారి గట్టిగా దగ్గాడు. ముప్పై ఏళ్ల చుట్ట అంతా ఆ దగ్గులో ఉంది. నేను పట్టుకున్న గిన్నెలో కఫం పడింది. అంతకంటే అందమైన వస్తువు ఆ వార్డులో నేను చూడలేదంటే మీరు నవ్వుతారు. మీకూ ఒకరోజు అలాంటిది తటస్థపడుతుంది.

"ఇంకోసారి" అన్నారు మత్తు డాక్టరు గారు.

"ఇంకోసారంట, దగ్గు" అంది భార్య. "ఇంట్లో ఊరికే దగ్గి చంపేవాడివిగా."

ఆ రోజు ఆయన మూడింటి రైలు పోయింది. సాయంత్రం దాకా స్టూలు దిగలేదు. రేపల్లెకి ఫోను చేసి ఆలస్యమవుతుందని చెప్పి, అయిదున్నర బస్సుకి బయల్దేరారు. వెళ్లేముందు సంచిలోంచి చిన్న ఆంపుల్ ఒకటి తీసి నాకిచ్చారు. మార్ఫిన్‌కి విరుగుడు. బాపట్ల సంగతి తర్వాత మద్రాసు నుంచి తెప్పించుకుని సంచిలో పెట్టుకు తిరుగుతున్నారట. "ఊపిరి పదికి తగ్గితే తట్టి లేపి సర్జన్ గారిని పిలవండి. ఎనిమిదైతే ఆయనొచ్చేలోపు ఇది సిరంజిలో ఉండాలి" అన్నారు.

ఏడున్నరకి ఆస్పత్రి ఫోను మోగింది. రేపల్లె బస్టాండు దగ్గర ఎస్టీడీ బూత్ నుంచి. పలకరింపు లేదు.

"ఎన్ని?"

"పద్నాలుగండి."

"నిద్రపోతున్నాడా?"

"లేదండి. పెళ్లాంతో పోట్లాడుతున్నాడు."

అవతల నుంచి ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. ఆయనదే. లైన్ కట్టయింది.

దుగ్గిరాల మనిషికి జ్వరం రాలేదు. రెండో రోజు వరండాలో నడిచాడు. తర్వాతి శుక్రవారం కుట్లు విప్పేటప్పుడు మత్తు డాక్టరు గారు కూడా వచ్చి నిలబడ్డారు. భార్య నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. తగ్గించినా వార్డంతా వినిపించింది.

"మా ఊరి పంతులుగారిని అడిగానండి. ఆ రోజు వర్జ్యం పొద్దున్నేనంట. సరిగ్గా కోసే వేళకంట. మీరు తప్పు చూశారు."

"మరేం చేద్దాం అక్కయ్యా?"

"ఏం చేస్తాం? మనిషి నిక్షేపంగా ఉన్నాడు. ఆ పంతుల్నే మార్చాలి" అంది.

మత్తు డాక్టరు గారు నా వంక చూశారు. లిస్టు ఎందుకు మారిందో ఆయనకి అప్పుడు అర్థమైంది. వెళ్తూ వెళ్తూ, "సిస్టర్, మీరు వర్జ్యం చూసినట్టు ఊపిరి చూడరు కదా?" అన్నారు. ఆ మాట ఆ తర్వాత చాలా ఏళ్లు నన్ను వదల్లేదు. ఎప్పుడు ఫోనులో అంకె చెప్పినా, "వర్జ్యం లెక్కేనా, నిజం లెక్కా?" అనేవారు.

అప్పటి నుంచి మా దగ్గర పెద్ద ఆపరేషన్లకి కుట్లు పడకముందే మార్ఫిన్ మొదలుపెట్టేవారు. చిన్నవాటికి పొట్టి మందే. పేషెంటు నెమ్మదిగా లేచేవాడు, పేరు చెప్పడానికి రెండు కాఫీల సేపు పట్టేది. సర్జన్ గారు కొన్నాళ్లు విసుక్కుని, సాయంత్రం వార్డు చూశాక మానేశారు. ఆయాకి గడియారం చూడటం రాదు. గబగబా తిరిగే సన్న ముల్లు ఒక్క చుట్టు వచ్చేదాకా లెక్కపెట్టడం నేర్పాను. నాకంటే బాగా లెక్కపెట్టేది. ఆవిడ ఎవర్నీ నమ్మదు, పేషెంటుని కూడా.

రేపల్లెలో మాత్రం చాలాకాలం ఆయన పొట్టి మందే వాడారు. అడిగితే, "అక్కడ లెక్కపెట్టే మనిషి లేదమ్మా" అన్నారు. ఏ మందు మంచిదని కొత్త డాక్టర్లు అడిగితే ఆయన చెప్పే జవాబు పుస్తకాల్లో ఉండదు. "ముందు వార్డుకి వెళ్లి అక్కడ ఎవరున్నారో చూసి రండి. తర్వాత మందు సంగతి." నేను రెండు సెలవు రోజులు రేపల్లె వెళ్లి అక్కడి అమ్మాయికి నేర్పి వచ్చాను. ఆ తర్వాత అక్కడా మారింది. పిట్టలవానిపాలెం ఆవిడకి ఇవన్నీ ఆలస్యం. ఆవిడ చెయ్యి పట్టుకున్న పట్టు నాకింకా గుర్తుంది. ఉండటమే న్యాయం.

కిందటేడు ఆయనకి క్లోమంలో కాన్సరని తెలిసింది. అది నొప్పి జబ్బు. బాపట్ల వెళ్లాను. కూతురు తలుపు తీసి, "నాన్న ఇప్పుడే పడుకున్నారు ఆంటీ, మార్ఫిన్ బిళ్ల వేశాను" అంది. నాలుగు గంటలకొకటట. మంచం పక్కన కిటికీలో రెక్సిన్ సంచి, దాని మీద సగం చదివిన పుస్తకం. మనిషి చిక్కిపోయారు. మొహంలో మాత్రం ఎక్కడా బిగింపు లేదు. వచ్చేదారంతా నేను భయపడింది ఆయన పోతారని కాదు, ఆ మొహం ఎలా ఉంటుందోనని.

నిలబడి ఉండగానే నా కళ్లు ఛాతీ మీదికి వెళ్లాయి. అలవాటు.

ఆయన కళ్లు తెరవకుండానే, "ఎన్ని?" అన్నారు.

"పద్నాలుగండి."

"వర్జ్యం లెక్కేనా?"

నిజం చెప్పాలంటే ఆ అంకె నోటికొచ్చి చెప్పిందే. పావు నిమిషం కూడా చూడలేదు. కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతి గడియారం విప్పి దుప్పటి మీద పెట్టుకుని, ఒక్క నిమిషం పూర్తిగా లెక్కపెట్టాను.

పద్నాలుగే.